ముసురు పట్టిన నాటి బుడగలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టానని నన్ను మరీ ముసలిదాన్ని చేసేయకండి. అవేమీ కందిలి దీపాల కాలం కాదు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, మా కాలేజీ ముందున్న టీ హోటల్లో ఉచిత వైఫై అని బోర్డు కూడా ఉండేది (వైఫై ఉండేది కాదు, బోర్డు ఉండేది). అయినా వాటిని నేను ఆ రోజులనే అంటాను, ఎందుకంటే అప్పుడు నాకు ఒక గది ఉండేది. నా వయసు వాళ్ళంతా సొంత ఇల్లు, సొంత కారు అని కలలు కంటుంటే, తలుపు మీద సుద్దముక్కతో 'బోటనీ ల్యాబ్' అని రాసిన ఆ గదిని చూసుకుని నేను మురిసిపోయేదాన్ని. వర్షానికి ఆ అక్షరాలు చెరిగిపోతే మళ్ళీ నేనే దిద్దేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు పూర్తి కాకుండానే లోపల ఎక్కడో చివుక్కుమంటుంది.

అప్పుడే ఎమ్మెస్సీ బోటనీ పూర్తిచేసి కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. మా ఇల్లు జగిత్యాల. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం కోరుట్లలోనే ఉన్న మా మేనమామ ఇంట్లో తిని, సాయంత్రం మళ్ళీ బస్సెక్కేదాన్ని. ల్యాబ్ అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. మేడమీద చివరి గది. ఒక కిటికీ, రెండు బల్లలు, కొన్ని గాజు సామాన్లు, కంటికి ఏమీ చూపించని ఒక సూక్ష్మదర్శిని, ఎవరో ఎప్పుడో సీసాలో వేసి మరిచిపోయిన ఒక కప్ప (కప్ప జువాలజీ వాళ్ళది, నాకు సంబంధం లేదు). మా దగ్గర ప్రాక్టికల్స్ అంటే రికార్డు రాయడమే. పిల్లలు పోయినేడు వాళ్ళ రికార్డు చూసి రాసేవాళ్ళు, వాళ్ళు అంతకుముందు వాళ్ళది చూసి రాసినవాళ్ళు. ఇట్లా వెనక్కి వెనక్కి పోతే ఎవరో ఒకరు నిజంగా ప్రయోగం చేసే ఉంటారని నా నమ్మకం.

ఆ రికార్డులో నాకు అన్నింటికన్నా ఇష్టమైన బొమ్మ ఒకటుంది. కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ విడుదలవుతుందని నిరూపించడం. బీకరులో నీళ్ళు, నీళ్ళలో హైడ్రిల్లా అనే నీటిమొక్క కొమ్మలు, వాటి మీద బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్ళు నింపి బోర్లించిన పరీక్షనాళిక. దీన్ని ఎండలో పెడితే కొమ్మలు తెంపిన చివర్ల నుంచి బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచి నాళిక పైభాగానికి చేరతాయి. ఆ చేరిన గాలిలోకి కొసన నిప్పు ఉన్న ఊదుబత్తిని పెడితే భగ్గున మంట లేస్తుంది, అంటే అది ఆక్సిజన్ అన్నమాట. మా పిల్లలు పెన్ను మూత పెట్టి ఆ బుడగల్ని గుండ్రంగా, ఎంతో శ్రద్ధగా గీసేవాళ్ళు.

బైపీసీ సెకండియర్‌లో ఒక అమ్మాయి ఉండేది. బీర్పూర్ పిల్ల. తండ్రి మస్కట్‌లో ఉండేవాడు, తల్లి ఇక్కడ మక్కచేను, వరి చూసుకునేది. ఈ పిల్ల హాస్టల్లో ఉండి చదివేది. క్లాసులో నోరు తెరిస్తే ప్రశ్నే, అందుకని స్టాఫ్‌రూములో మేమంతా ప్రశ్నల పిల్ల అనేవాళ్ళం. ఒకరోజు నేను బోర్డు మీద సమీకరణం రాసి ఆరు కార్బన్ డయాక్సైడ్లు, నీళ్ళు, వెలుతురు, పత్రహరితం అంటూ ఊపుగా పోతుంటే లేచి నిలబడింది.

"మేడం, కార్బన్ డయాక్సైడ్ల గూడ ఆక్సిజనున్నది, నీళ్ళల్ల గూడ ఆక్సిజనున్నది. గా బుడగల వచ్చేది దేంట్ల కెల్లి వచ్చిందో ఎట్ల తెలుస్తది?"

నిజంగా మంచి ప్రశ్న. నీళ్ళలోని ఆక్సిజన్‌కు గుర్తు పెట్టి మొక్కకు ఇస్తే ఆ గుర్తు బుడగలోనే తేలింది, కార్బన్ డయాక్సైడ్‌లోని దానికి గుర్తు పెడితే అది చక్కెరలోకి పోయింది, కాబట్టి వెలుతురు పడ్డప్పుడు ఆకు చీల్చేది నీటిని, వదిలేది నీటిలోని ఆక్సిజన్‌ను అని చెప్పాను. చెప్పి గర్వంగా నిలబడ్డాను. ఆమె కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"మేడం, మరి గీ బుడగల్ని మీరు చూసిన్రా?"

"లేదమ్మా," అన్నాను. "డిగ్రీల నాకు పరీక్ష రోజు వేరే ప్రయోగం వచ్చింది. పీజీల బీకరుండె గాని గరాటు లేకుండె."

"మీకు చెప్పిన మేడం చూసిన్రా?"

"తెల్వదు."

"మరి ఎవ్వలు చూసిన్రు మేడం?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆ నవ్వు ఆగిపోయింది. దారి పొడుగునా మక్కచేన్లు, పసుపుచేన్లు, కంటికి ఆనినంత పచ్చదనం. అంత పచ్చదనమూ పొద్దంతా ఏదో చేస్తోందని క్లాసులో చెప్పి పిల్లలతో మార్కులు తెప్పించేదాన్ని, ఆ చేసే పనిని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు.

చూద్దాం, చూపిద్దాం అని నిశ్చయించుకున్న వారంలోనే గది పోతుందన్న మాట వినబడింది. మా కాలేజీ యజమానిది సిరిసిల్ల. అక్కడ ఆయనకు మరమగ్గాల షెడ్లున్నాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు, కాబట్టి మేము ఆయన్ని చాటుగా సాంచాల సారు అనేవాళ్ళం. మంచి మనిషే, కానీ ప్రపంచం మొత్తం ఆయనకు ఒక షెడ్డు. నడుస్తున్న సాంచాను ముట్టుకోడు, ఆగిన సాంచాను ఉంచడు. ఎంపీసీ పిల్లలకు ఇంకో సెక్షన్ కావాలి, మేడమీద చివరి గదిలో బెంచీలు వేయండని ప్రిన్సిపాల్‌కు చెప్పాడట. నేను చెప్పుల చప్పుడు చేసుకుంటూ ఆఫీసు గదిలోకి పోయాను. ఆ వయసులో నాకు భయం కన్నా రోషం ముందు వచ్చేది.

"ఆ రూముల ఏం నడుస్తున్నది మేడం?" అని అడిగాడాయన.

"ప్రాక్టికల్స్ సార్."

"నడువంగ నేనెన్నడు చూడకపోతి."

"చూపిస్త సార్. చెట్టు ఆక్సిజన్ ఇడిచేది మీ కండ్లతోని చూద్దురు గాని."

"మంచిది, చూపియ్యి. శనివారం వస్త. నడుస్తున్నదాన్ని బంద్ వెట్టే అలవాటు నాకు లేదు. నడువకపోతె మాత్రం మల్ల నన్ను అడుగద్దు," అన్నాడు.

ప్రశ్నల పిల్ల ఊరికి పోయి కుంటలోంచి హైడ్రిల్లా తెచ్చింది. టిఫిన్ డబ్బాలో నీళ్ళు పోసి, అందులో ఆ కొమ్మల్ని ముంచి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చింది. ఆమె మొహం చూస్తే లోపల బంగారం ఉందనుకుంటారు. కొమ్మల తెంపిన చివర్లు పైకి ఉండేట్టు ఒక గులకరాయికి కట్టి, గరాటు బోర్లించి, కార్బన్ డయాక్సైడ్ కోసం నీళ్ళలో చిటికెడు తినేసోడా వేసి అంతా సిద్ధం చేశాను. ఒక్కటే తక్కువైంది, ఎండ. ఆకాశానికి చిల్లు పడ్డట్టు ముసురు మొదలైంది. పొద్దున చూస్తే సన్నగా, మధ్యాహ్నం చూస్తే సన్నగా, సాయంత్రం కూడా అదే సన్నగా. సూర్యుడు కోరుట్లలో ఒకప్పుడు ఉండేవాడట అన్నట్టుంది పరిస్థితి.

సూర్యుడి పని సెల్‌ఫోన్లతో చేయించాలని చూశాను. స్టాఫ్‌రూములో ఎవరి ఫోను దొరికితే వాళ్ళది టార్చి వేసి బీకరు చుట్టూ పట్టుకున్నాం. లెక్కల సారు రెండు చేతులతో రెండు పట్టుకున్నాడు పాపం. చాలాసేపటికి ఒక్క బుడగ లేచింది, అది కూడా నీళ్ళలో ముందు నుంచీ ఉన్నదే అయి ఉంటుంది. ఇంతలో మా అటెండరు పోయినేడు వినాయక మండపంలో మిగిలిన ఆకుపచ్చ బల్బు ఒకటి పట్టుకొచ్చాడు. "చెట్టు గ్రీనే గదా మేడం, గ్రీన్ లైటంటె దానికి పాణమైతది," అన్నాడు. అందరికీ సబబుగానే తోచింది. నేను తల అడ్డంగా ఊపి, పత్రహరితం తినేది ఎక్కువగా ఎరుపునూ నీలాన్నీ, ఆకుపచ్చను చాలావరకు వద్దని వెనక్కి పంపుతుంది, ఆ వెనక్కి వచ్చిందే మన కంటికి ఆకు రంగుగా కనబడుతుంది అని చెప్పాను. అటెండరు బల్బును జేబులో పెట్టుకుంటూ, "అయితె మనం చూసేది దానికి ఇష్టం లేని రంగన్నట్టు," అన్నాడు. ఆ మాట నాకు ఎందుకో ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది, మనుషుల విషయంలో.

శుక్రవారం మధ్యాహ్నం మా మామ ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాను. మా మామను మీకు చెప్పాలి. బస్టాండు వెనక గల్లీలో ఆయనకు గోలీసోడా దుకాణం. ఇనుప పెట్టెలో సీసాలు బిగించి గిర్రున తిప్పే మిషన్, మూలన నిలబడ్డ గ్యాస్ సిలిండరు, నీళ్ళు కారే గోనెసంచి మీద వరసగా ఆకుపచ్చ సీసాలు. ఆయన దృష్టిలో లోకంలోని ద్రవాలు రెండే రకాలు, గ్యాస్ ఉన్నవీ గ్యాస్ లేనివీ. మనుషులూ అంతే. మాట మీద నిలబడని వాళ్ళను 'గ్యాస్ పోయిన సోడా' అనేవాడు. నన్ను మాత్రం ఫుల్లు గ్యాస్ అని పదిమందిలో చెప్పుకునేవాడు. వాళ్ళింట్లో లెక్చరర్ ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లను నేను. నన్ను దుకాణం ముందు నుంచి కాలేజీకి పోనిచ్చేవాడు కాదు, ఎవరో ఒకరికి చూపించి, "మా అక్క బిడ్డ, కాలేజిల సారు," అని పరిచయం చేసేదాకా నిలబెట్టేవాడు (మేడం అనమంటే అనేవాడు కాదు. సారు అంటేనే ఆయనకు తృప్తి).

"ఏందే బిడ్డా, కూర మంచిగ లేదా?" అన్నాడు.

"కూర మంచిగున్నది మామా. రేపు బుడగలు రాకపోతె నా ల్యాబు పోతది."

జరిగింది చెప్పాను. గరాటు, నాళిక, నీళ్ళలో మొక్క, లేవాల్సిన బుడగలు, సిరిసిల్ల నుంచి వచ్చే సారు, అన్నీ చెప్పాను. ముసురు సంగతి కూడా చెప్పాను గానీ దాన్ని ఆయన చెవిన పెట్టినట్టు లేదు. మామ చాలా శ్రద్ధగా విన్నాడు. చివరికి, "బుడగలే గదా? పరేషాన్ కాకు, తిను," అన్నాడు. ఓదార్పు అనుకున్నాను నేను.

శనివారం కూడా ముసురే. సాంచాల సారు కారు దిగుతుంటే నేను కిందనే గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ప్రిన్సిపాల్ గదిలో టీ, మంచీ చెడూ అయ్యేసరికి కొంత ఆలస్యమైంది. ఏం చెప్పాలా, వాయిదా ఎట్లా అడగాలా అని మనసులో వాక్యాలు కూర్చుకుంటూ ఆయన వెనకాలే మెట్లెక్కాను. ల్యాబ్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల పిల్లల కేరింతలు. ప్రశ్నల పిల్ల ఎదురొచ్చి, "మేడం, వస్తున్నయ్! వస్తున్నయ్ మేడం!" అని నా చెయ్యి పట్టి లాగింది. చూద్దును కదా, బీకరు నిండా బుడగలు. నాళిక దాదాపు నిండింది. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క నిమిషం నేను జీవితంలో ఇంకెప్పుడూ పడనంత సంతోషపడ్డాను.

"అబ్బో! గింత ముసురుల గింత ప్రొడక్షనా!" అని సాంచాల సారు కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు, నేను చదువుకున్న బోటనీ దానికి అడ్డం వచ్చింది. బుడగలు రావాల్సింది తెంపిన చివర్ల నుంచి, సన్నగా, వరసగా. ఇక్కడేమో ఆకుల మీద, గరాటు గాజు మీద, అడుగున గులకరాయి మీద, చివరికి మొక్కే లేని మూలలో కూడా బుడగలు చిమ్ముతున్నాయి. ఈ చీకట్లో ఇంత ఉత్సాహం ఏ మొక్కకూ ఉండదు. ఏదో తేడా ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. తలుపు వెనకాల మా మామ చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు. ఆయన ఇక్కడెందుకున్నాడో ఆలోచించే తీరిక కూడా లేకపోయింది.

"ఆక్సిజన్ అన్నవు గదా మేడం. ఎట్ల గుర్తువడుతరు?" అన్నాడు సారు.

నాళికను జాగ్రత్తగా తీసి, మూతి తిప్పి, ఊదుబత్తి వెలిగించి మంట ఆర్పి, కొసన ఎర్రగా నిప్పు ఉండగా లోపలికి పెట్టాను. భగ్గుమనాల్సిన నిప్పు ఠక్కున ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను. మళ్ళీ ఆరిపోయింది. మూడోసారీ అంతే.

"మంట లేస్తదంటివి, ఉన్న నిప్పు గూడ ఆరిపాయె," అన్నాడు సాంచాల సారు, ఎగతాళిగా కాదు, నిజంగా అయోమయంగా.

అప్పుడు మా మామ ముందుకు వచ్చాడు. ఆయనకు పట్టలేని అవమానంగా ఉంది. "గట్లెట్ల ఆరుతది సారూ? నిన్ననే దింపిన కొత్త సిలిండర్ గ్యాసది! అన్నీ ఫ్రెష్ సోడలే పోసిన, పాతది ఒక్కటి లేదు!" అన్నాడు.

లెక్కల సారు గోడవైపు తిరిగి భుజాలు కదిలిస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. అది అటెండరుకు, అతని నుంచి పిల్లలకు, చివరికి సాంచాల సారుకూ పాకింది. బల్ల కింద మామ తెచ్చిన సీసాలు వరసగా కనబడ్డాయి. సోడాలో ఉండేది కార్బన్ డయాక్సైడ్. అది నిప్పును ఆర్పుతుంది గానీ రగల్చదు. మొక్క తినాల్సిన గాలిని తెచ్చి మొక్క వదిలిన గాలిగా చూపించాడు మా మామ. నవ్వని వాళ్ళం ముగ్గురమే, నేనూ, మామా, ప్రశ్నల పిల్లా. ఆ పిల్ల బీకరునే చూస్తోంది. మామ నా మొహమే చూస్తున్నాడు, తన వల్ల ఏదో తప్పు జరిగిందని తెలిసి, ఏమిటో తెలియక.

సాంచాల సారు మాత్రం వెంటనే వెళ్ళిపోలేదు, ఆ మర్యాద ఆయనలో ఉంది. ముసురు వల్లనే మొక్క పని చేయలేదని నేను చెబితే, బల్ల మీదున్న పుస్తకం తిరగేసి, "పుస్తకంల చీకటి చర్య అని రాసున్నది గదా మేడం, గదన్న నడువాలె గదా?" అని అడిగాడు. ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పాలని సిరిసిల్ల భాషలోకి దిగాను. "సార్, ఆకుల రెండు పనులుంటయ్. వెలుతురుండంగ నూలు కండెలు చుట్టుకుంటది. అటెన్క ఆ కండెలతోని బట్ట నేస్తది, అంటె చక్కెర చేస్తది. నేసేకాడ వెలుతురు అక్కెర లేదు గాబట్టి చీకటి చర్య అన్నరు, చీకట్లనే నేస్తదని కాదు. కండెలు అయిపోయినయంటె సాంచా ఆగుతది. బుడగలు వచ్చేది కండెలు చుట్టేకాడ," అన్నాను. ఆయన తల ఊపాడు. ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా అర్థం చేసుకున్నాడని నాకు తెలుసు. అంత బాగా నేను ఆ పాఠం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

"మంచిగ చెప్పినవ్ మేడం. అయితె ఎండుంటెనే నడిచే సాంచాను నేను షెడ్డుల పెట్టుకుంటనా?" అన్నాడు. మామ ఇచ్చిన సోడా గోలీ నొక్కి, మొత్తం తాగి, "సోడ మాత్రం ఫస్ట్ క్లాసున్నది," అని మామ భుజం తట్టి మెట్లు దిగాడు. సోమవారం బెంచీలు వస్తాయని ప్రిన్సిపాల్ నాతో చిన్నగా చెప్పాడు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ప్రశ్నల పిల్ల చివరిదాకా ఉండి, "రేపు ఎండొస్తె వస్తయా మేడం?" అంది. రేపు ఆదివారం. వాళ్ళమ్మకు నాట్లున్నాయట, ఆ సాయంత్రమే ఊరికి పోవాలి. "వస్తయమ్మా," అన్నాను. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం నా పుస్తకాలు, సామాన్లు తీసుకుందామని కాలేజీకి వచ్చాను. బస్సులో ఉండగానే మబ్బులు విడిపోయాయి, ఎండ కళ్ళలోకి కొట్టింది. వారమంతా ఎక్కడ పోయావని దాన్ని తిట్టుకుంటూ మెట్లెక్కాను. మామ అప్పటికే ఖాళీ సీసాల కోసం వచ్చి ఉన్నాడు. కిటికీ గట్టు మీద, శనివారం వదిలేసిన బీకరు మీద ఎండ నేరుగా పడుతోంది. రాత్రికి సోడాలోని పొంగంతా పోయింది, నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. కానీ కరిగిన గాలి కొంత నీళ్ళలోనే ఉంటుంది. మొక్కకు కావాల్సింది అదే. నేను నాళికను మళ్ళీ నీళ్ళతో నింపి బోర్లించాను. బోర్లించి అలవాటుగా వంగి చూశాను.

ఒక కొమ్మ చివర, తెంపిన చోట, ఆవగింజంత బుడగ ఉబ్బింది. ఉబ్బి, కొంచెం ఆగి, వదిలి పైకి పోయింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. గాజు మీద లేవు, గులకరాయి మీద లేవు, సరిగ్గా తెంపిన చివర నుంచే, దారానికి గుచ్చినట్టు.

"మామా, ఇటు రా," అన్నాను.

మామ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని బీకరుకు మొహం ఆనించాడు. "నేను పోసిన గ్యాసును తిని గిది ఇడుస్తున్నదా?" అన్నాడు. నేను బోటనీ లెక్చరర్ని కదా, సత్యం చెప్పకుండా ఉండలేను. "నీ గ్యాసు చక్కెరలకు పోయింది మామా. ఈ బుడగ నీళ్ళల్ల కెల్లి వచ్చింది," అన్నాను. మామ బీకరు మీంచి మొహం తీయకుండానే, "నీళ్ళు గూడ నా సోడలవే గదనే," అన్నాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. నాళికలో వేలెడంత చేరాక ఊదుబత్తి పెట్టాను. మంట ఎంత తటాలున లేచిందంటే మామ వెనక్కి పడబోయాడు. "అగో! అగో!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. చూడటానికి గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. "సంతోషం మేడం, సోమవారం మాట్లాడుకుందాం," అన్నాడు. సాంచాల సారుకు చేస్తే ఎత్తలేదు. ప్రశ్నల పిల్ల ఇంటి నంబరు నా దగ్గర లేదు. చివరికి ఫోనుతో వీడియో తీశాను. సోమవారం నేను వచ్చేసరికి గది నిండా బెంచీలున్నాయి. బీకరు కడిగి బోర్లించారు, హైడ్రిల్లాను కిటికీలోంచి పారబోశారు. ఆ పిల్ల నాట్లు పూర్తయ్యాక వచ్చింది. "వచ్చినయే," అని చెప్పాను. "అవునా మేడం," అంది. ఆ రెండు మాటల్లో సంతోషం ఎంత వెతికినా దొరకలేదు. వీడియో తీశానని చెప్పాను గానీ చూపించలేదు. ఎందుకంటే అందులో ఏమీ కనబడదు. గాజు మీద ఎండ తళతళలాడి, తెర అంతా తెల్లగా అయిపోయింది. మామ గొంతు మాత్రం వినబడుతుంది, "ఆగు ఆగు... ఇగో ఇంకోటి... అగో పాయె."

ఆ తరువాతి సంవత్సరం నేను జగిత్యాలలోనే వేరే కాలేజీలో చేరాను. మామ కొన్నాళ్ళకు జబ్బుపడి పోయాడు. దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ శనివారం ఆయన మొహం గుర్తొచ్చినప్పుడల్లా, అందరూ నవ్వుతున్నప్పుడు ఆయన పక్కకు పోయి "ఈయన మా మామ" అని ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. నాకు ఇప్పుడు గోడంత స్మార్ట్ బోర్డు ఉంది. నొక్కితే హైడ్రిల్లా బొమ్మ వస్తుంది, నిమ్మకాయలంత బుడగలు లేస్తాయి, ఎప్పుడు నొక్కితే అప్పుడు లేస్తాయి, దానికి ముసురు అడ్డం రాదు. పిల్లలు దాన్ని చూసి తల వంచి రాసుకుంటారు. ఎవరూ ఏమీ అడగరు. నాకైతే ఎవరైనా అడిగితే బాగుండునని ఉంటుంది.

మొన్న జగిత్యాల బస్టాండులో "మేడం!" అని ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చింది. పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. ప్రశ్నల పిల్ల! సిరిసిల్లలో ఒక కాలేజీలో బోటనీ చెబుతోందట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ల్యాబ్ ఉందా అని అడిగితే, "ఉన్నది మేడం, తాళం గూడ ఉన్నది," అని నవ్వింది. బస్సు వచ్చేలోపు అదీ ఇదీ మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి, "మేడం, ఆ ఆదివారం నాడు వీడియో తీసిన్రు గదా, ఉన్నదా?" అంది.

ఉంది. ఎన్ని ఫోన్లు మారినా దాన్ని మాత్రం మార్చుకుంటూ వచ్చాను. ఏమీ కనబడదని ముందే చెప్పాను. అయినా పట్టుబట్టి తీసుకుంది. చెయ్యి అడ్డం పెట్టి, తెరను కంటికి దగ్గరగా పట్టుకుని చూసింది. తెల్లటి వెలుగు. మామ గొంతు. "ఆగు ఆగు... ఇగో ఇంకోటి..." ఆమె చివరిదాకా చూసింది. మళ్ళీ మొదటి నుంచి వేసింది. అప్పుడు తల ఎత్తి, "వస్తున్నయ్ మేడం. ఇగో, ఈడ, మంచిగనే కనవడుతున్నయ్," అని తెర మీద ఒక మూల వేలు పెట్టి చూపించింది.

ఆ మూల ఏముంటుందో నాకు తెలుసు. కిటికీ ఊచ నీడ ఉంటుంది. "అవునమ్మా, అవే," అన్నాను. ఆమె బస్సు వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. కళ్ళతో చూడనిదాన్ని నమ్మొద్దని ఇన్నేళ్ళుగా పిల్లలకు నూరిపోస్తున్నదాన్ని, బస్సు కనుమరుగయ్యాక ఒక స్తంభం నీడన నిలబడి, కొంగు కప్పుకుని, తెర వెలుగు పెంచి, ఆమె వేలు పెట్టిన చోటు వెతికాను. ఏమో, ఏదో కదిలినట్టే ఉంది. ఇంకొకసారి వేశాను. ఇంకొకసారి. ఈ వయసులో నాకిదేం పిచ్చని నవ్వుకుంటూ తల ఎత్తేసరికి నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది.